నలభై ఒకటో గడి

"ఇంకా తలుపు తీయలేదా?"

బూట్లయినా విప్పకుండా మెట్లెక్కి వచ్చింది చిట్టి. పొద్దుటి మొదటి ట్రిప్పు ముగించి, బస్సు డిపోలో పెట్టి, డ్రైవరు యూనిఫారంలోనే పరిగెత్తుకొచ్చింది.

"లేదు," అన్నాడు ఆమె అన్నయ్య. "టీ కప్పు గుమ్మం ముందు పెట్టాను. కప్పు లోపలికెళ్ళింది. కాసేపటికి ఖాళీ కప్పు బయటికొచ్చింది. అమ్మ మాత్రం రాలేదు."

"టీ తాగిందంటే కోపం సగానికి దిగినట్టే."

"కప్పు కింద చీటీ కూడా పెట్టింది. పంచదార ఎక్కువైందట."

"అయితే పావుకి దిగింది. ఇంకెంతసేపు!"

వంటింటి గుమ్మంలో నిలబడి ఈ మాటలు వింటున్న కోడలికి నవ్వు రాలేదు. నిన్న సాయంత్రం రిహార్సల్ మధ్యలో, అందరి ముందూ, "అత్తయ్యా, నలభై ఒకటో గడిలో మీరు తప్పు స్వరం వాయిస్తున్నారు" అన్నది తనే. స్వరాల కాగితం మీద నిలువు గీతకీ గీతకీ మధ్య ఉండే చోటుని ఆ ఇంట్లో గడి అంటారు. అత్తగారు తన వాయిద్యం వయోలాని పెట్టెలో పెట్టి, పెట్టె చంకలో పెట్టుకుని, తన గదిలోకి వెళ్ళి గొళ్ళెం వేసుకుంది.

కచేరీ ఎల్లుండి. పొద్దున పదకొండింటికి, లైబ్రరీ హాల్లో.

ఆ ఇంట్లో వాయించేవాళ్ళు నలుగురు. కళ్ళద్దాల షాపు నడిపే కొడుకుది మొదటి వయొలిన్. చిట్టిది రెండోది. కింద దర్జీ షాపులో కుట్టుమిషన్ పక్కనే, నేలకి ఆనించి వాయించే పెద్ద వాయిద్యం చెల్లోని నిలబెట్టుకుని, గిరాకీ లేనప్పుడల్లా కమాను అందుకునేది మామగారు. వయొలిన్ కన్నా కాస్త పెద్దదీ, గొంతు మరింత లోతుగా ఉండేదీ అయిన వయోలా అత్తగారిది. నలుగురూ ముందుగదిలో మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, కబుర్లు చెప్పుకున్నట్టు వాయిస్తారు. వాయించేది అత్తగారి నాన్నగారు సొంత చేత్తో రాసిన సంగీతం.

కోడలికి ఏ వాయిద్యమూ రాదు. పిల్లల లెక్కల పాఠాలకి కదిలే బొమ్మలు తయారుచేసే ఆఫీసులో పని ఆమెది. భిన్నాలని రొట్టెముక్కలుగా, కోణాలని తలుపు రెక్కలుగా చూపించే పని. పెళ్ళయి వచ్చిన మొదటి ఏడాదంతా ఈ సంగీతం వింటూ, ఇందులో ఏదో లెక్క ఉందని పసిగట్టింది. ఆర్నెల్లు కూర్చుని, ఒక్కో స్వరానికి ఒక్కో రంగు పూస పెట్టి, దాన్ని బొమ్మగా గీసింది. ఎల్లుండి వాళ్ళు వాయిస్తుంటే వెనక తెర మీద కదలాల్సింది ఆ బొమ్మే.

"నువ్వు ఆ మాట ముందు నాతో అని ఉండాల్సింది," అన్నాడు భర్త.

"అన్నాను. మూడుసార్లు. మూడుసార్లూ 'రేపు చూద్దాంలే' అన్నావు."

చిట్టి కిసుక్కుమంది. "అన్నయ్యకి రేపు అంటే వారంలో ఎనిమిదో రోజు వదినా."

"నువ్వాగు! సరే, అయిందేదో అయింది. ఆ బొమ్మలో ఒక్క పూస జరిపెయ్. ఒక్క మెట్టు. ఎవరికి తెలుస్తుంది?"

"చెవికి ఒకటి వినిపించి, కంటికి ఇంకోటి చూపించనా?"

"కళ్ళద్దాల షాపువాడిగా చెప్తున్నా, జనం అంత పట్టించుకుని చూడరు."

"నీ గిరాకీల సంగతి నీకు తెలుసు. నా పాఠాలు చూసే పిల్లలు పట్టించుకుంటారు. రొట్టెముక్క ఒకటి కాస్త చిన్నగా గీస్తే నలభై ఉత్తరాలొచ్చాయి ఆఫీసుకి."

మెడలో టేపుతో మామగారు పైకి వచ్చారు. ఈ గొడవంతా మెట్ల మీదే విన్నట్టున్నారు.

"అమ్మాయ్, నలభై ఏళ్ళుగా కొలతలు తీసుకుంటున్నాను. రెండు చేతులూ సరిగ్గా ఒకే పొడుగున్న మనిషిని ఇంతవరకూ చూడలేదు. మరి సంగీతానికి మాత్రం ఎడమా కుడీ సమానంగా ఎందుకుండాలి?"

"ఉండక్కర్లేదు మామయ్యా. కానీ ఈ చొక్కాలో నలభై గుండీలు సమానంగా ఉన్నాయి. తర్వాత అరవై ఉన్నాయి. ఒక్కటే పక్కకి ఉంది. మీరైతే ఏమనుకుంటారు?"

ఆయన టేపు చుట్టుకుంటూ ఆలోచించారు.

"ఎవరో కావాలని కుట్టారనుకుంటాను," అన్నారు.

ఆ మాటకి కోడలు తలెత్తి చూసింది. ఆర్నెల్లుగా 'తప్పు' అనే అనుకుంది. 'కావాలని' అన్న మాట తనకి తట్టనేలేదు.

లాప్‌టాప్ తీసుకుని తిన్నగా అత్తగారి గది ముందుకి వెళ్ళింది.

"అత్తయ్యా."

తలుపు మీద రెండుసార్లు తట్టింది.

"నేను క్షమాపణ చెప్పడానికి రాలేదు."

లోపల కుర్చీ కిర్రుమంది. "మరెందుకొచ్చావ్?"

"చూపించడానికి. ఈ ఇంట్లో బొమ్మ అందరూ చూశారు, మీరు తప్ప. రిహార్సల్లో తెరకి వీపు పెట్టి కూర్చుంటారు."

"తెరకి ఎదురుగా కూర్చుంటే జనానికి నా వీపు కనపడుతుంది. వీపుతో వయోలా వాయించమంటావా?"

"వద్దు. ఇప్పుడు వాయించకుండా చూడండి. పది నిమిషాలు."

వెనక వంటింట్లో అన్నాచెల్లెళ్ళు ఊపిరి బిగబట్టారు.

"ఆ టీ ఎవరు పెట్టారు?" లోపల్నుంచి ప్రశ్న.

"మీ అబ్బాయి."

"అనుకున్నాను." గొళ్ళెం తీసిన చప్పుడయింది. "నువ్వొక్కదానివే రా. వాళ్ళిద్దరూ బయటే ఉండాలి."

గదిలో కిటికీ నిండా ఎండ. అత్తగారు జుట్టు నున్నగా దువ్వి ముడేసుకుని ఉంది. కోపంలో కూడా పాపిట వంకర పోనివ్వదు ఆవిడ. మంచం మీద లాప్‌టాప్ పెట్టి, పక్కపక్కన కూర్చున్నారు.

తెర మధ్యలో అడ్డంగా ఒక సన్నటి గీత. కదలని చెరువు అంచులా ఉంది. సంగీతం మొదలైంది. గీత పైన నారింజరంగు పూసలు ఒక్కొక్కటే వెలిగాయి. స్వరం హెచ్చితే పూస పైకి, తగ్గితే కిందికి. స్వరం ఎంతసేపు నిలిస్తే పూస అంత పొడుగు.

"వీడు మనవాడు," అంది అత్తగారు.

"అవును, మొదటి వయొలిన్. ఇప్పుడు గీత కింద చూడండి."

కింద నీలం పూసలు వెలిగాయి. పైన నారింజ రెండు మెట్లెక్కితే కింద నీలం రెండు మెట్లు దిగింది. అది మూడు దిగితే ఇది మూడెక్కింది. పైన కొండ వస్తే కింద లోయ వచ్చింది.

అత్తగారు ముందుకి వంగింది.

"నీలం ఎవరు?"

"మీరే."

"నేనా? మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది. ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళోనే, తనకి తెలియకుండా, కమాను లాగుతున్నట్టు కదిలింది.

"నేను వాడికి నీడనా?"

"ఆ ఒడ్డున మనిషి, నీళ్ళలో నీడ. ఎవరు మనిషి, ఎవరు నీడ అన్నది లెక్కలో లేదు అత్తయ్యా. బొమ్మని తలకిందులు చేస్తే మీరు మనిషి, ఆయన నీడ."

"తలకిందులు చెయ్యి."

కోడలు చేసింది. నీలం పైకి వచ్చింది. అత్తగారు నోరు తెరిచి నవ్వింది. ఆ నవ్వు విని బయట చిట్టి తలుపుకి చెవి ఆనించింది.

"ఇన్నేళ్ళూ ఏమనుకున్నానో తెలుసా? వాడు పైన పాడుతుంటాడు, నేను కింద ఏదో సర్దుతుంటాను అనుకున్నా. చుట్టాలొస్తే వంటింట్లో ఉన్నట్టు. ఇదేమిటి, నేను లేకపోతే సగం బొమ్మే లేదు! మా నాన్న ఒక్కసారైనా చెప్పలేదు చూడు." కళ్ళు తుడుచుకుంది. "ఆ ఆకుపచ్చా, గోధుమరంగూ ఏమిటి?"

"ఆకుపచ్చ చిట్టి. గోధుమరంగు మామయ్య. ఇద్దరిదీ ఒకే పాట. చిట్టి నాలుగడుగులు వేసేలోపు మామయ్య రెండే వేస్తారు."

"రోడ్డు మీద కూడా అంతే నడుస్తారు."

ముప్పై ఎనిమిదో గడి, ముప్పై తొమ్మిది, నలభై. నారింజ పైనుంచి మెట్టుమెట్టుగా దిగుతోంది. నీలం కిందనుంచి మెట్టుమెట్టుగా ఎక్కుతోంది. రెండూ నీటి గీత మీద ఒకదాన్నొకటి తాకాలి. నారింజ గీత మీదకి వచ్చి నిలిచింది. నీలం ఒక్క మెట్టు కిందే ఆగిపోయింది.

కోడలు బొమ్మ ఆపింది. ఏమీ అనలేదు. నిన్నటి నుంచి ఆమె నేర్చుకున్నది ఇదొక్కటే.

"కలవాలి కదా ఇక్కడ," అంది అత్తగారు మెల్లగా.

"నాకూ అలాగే అనిపించింది."

"కానీ ఇక్కడి ఒరిపిడి అంటే నాకు ప్రాణం. రెండు స్వరాలు పక్కపక్కన నిలబడి ఒకదాన్నొకటి రాసుకుంటాయి చూడు, విన్నవాళ్ళ గుండె జివ్వుమంటుంది." లేచి పెట్టె తెరిచింది. వయోలా భుజాన పెట్టుకుని, రోజూ వాయించే స్వరం కాకుండా దాని పై మెట్టు కోసం చిటికెనవేలు చాచింది. కమాను కదలలేదు. ఎడమచేతిని కళ్ళ ముందుకి తెచ్చుకుని చూసుకుంది.

"ఏమైంది అత్తయ్యా?"

"అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు," అంది ఆవిడ. "పిల్లల వయోలా దొరక్క నాన్న తన పెద్దదే ఇచ్చారు. ఈ వేలు అందేది కాదు. ఎంత చాచినా అందేది కాదు. ఒకరోజు ఏడ్చి కమాను విసిరేశాను. మర్నాడు నాన్న 'ఇప్పుడు వాయించు' అన్నారు. వచ్చేసింది. నా వేలు పెరిగిందనుకున్నాను! వీధంతా చెప్పుకున్నాను!"

బీరువా తీసి, గుడ్డలో చుట్టిన చేతిరాత కాగితాలు బయటికి తీసింది. నలభై ఒకటో గడి ఉన్న పేజీని కోడలు అందుకుని కిటికీ అద్దానికి ఆనించింది. కాగితం వెనకనుంచి ఎండ తగిలింది.

ఆ ఒక్క స్వరం చుట్టూ కాగితం పలచబడి ఉంది. ఎవరో బ్లేడుతో సిరాని ఓపిగ్గా గీకేశారు. గీకిన చోట, ఒక మెట్టు పైన, పాత స్వరం మసకగా కనపడుతోంది.

"ఉంది!" అని అరిచింది కోడలు. "అత్తయ్యా, ఉంది! చూడండి, ఇక్కడే!"

"మా నాన్న లెక్క తప్పలేదే!" అని అరిచింది అత్తగారు, అంతకన్నా గట్టిగా. "తప్పలేదు! నా వేలి కోసం తప్పించాడు!"

తలుపు తెరుచుకుని చిట్టీ, అన్నయ్యా ఒకరి మీద ఒకరు పడుతూ లోపలికి వచ్చారు. ఎవరైనా పడిపోయారేమో అనుకున్నారు పాపం. చూస్తే అత్తాకోడళ్ళు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని గెంతుతున్నారు.

"అయినా నువ్వు 'తప్పు' అనకూడదు," అంది అత్తగారు ఊపిరి తీసుకుంటూ. "'తేడా' అనొచ్చుగా."

"తేడా అంటే ఊరుకునేవారా?"

"ఊరుకునేదాన్నా! తలుపుకి తాళం కూడా వేసేదాన్ని."

"మరి ఎల్లుండి ఏది వాయిస్తావమ్మా?" అన్నాడు కొడుకు.

"ఆ భాగం రెండుసార్లు వస్తుంది కదరా. మొదటిసారి నాన్న నాకిచ్చిన స్వరం వాయిస్తాను. రెండోసారి నాన్న అసలు రాసింది. అమ్మాయ్, నీ పూసలు మొదటిసారి ఆగిపోనీ. రెండోసారి తాకనీ."

హాల్లో జనం కళ్ళ ముందు ఆ రెండు పూసలూ మొదటిసారి దూరంగా ఆగి, రెండోసారి తాకడం అప్పుడే కనిపించింది కోడలికి. ఆర్నెల్లు కూర్చున్నా తనకి ఇంత మంచి ఆలోచన రాలేదు.

"ఇంకెక్కడైనా గీకారేమో చూద్దాం," అంది చిట్టి. "నాకు ఇరవై నిమిషాల్లో డ్యూటీ. త్వరగా!"

నలుగురూ పేజీలు పంచుకుని కిటికీకి ఆనించారు. మొదటి పేజీలో ఏమీ లేదు. మూడో పేజీలో ఒక సిరా మరక, దాని పక్కన చిన్నపిల్ల వేలిముద్ర. "అది నేనే," అంది అత్తగారు, నేరం ఒప్పుకున్నట్టు.

చివరి పేజీ కోడలి చేతికి వచ్చింది. దాన్ని అద్దానికి పెట్టి, ఆమె అలాగే ఉండిపోయింది.

"ఏమిటి వదినా?"

"ఇది ఒక్క స్వరం కాదు."

పాట చివర ఎనిమిది గడుల్లో వయోలాకి పని లేదు. అన్నీ మౌనం గుర్తులే. మిగతా ముగ్గురూ పాట ముగిస్తుంటే అత్తగారు కమాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. బొమ్మలో కూడా కోడలు అక్కడ నీలాన్ని మెల్లగా మాయం చేసింది. ఆ ఎనిమిది గడుల్లోనూ ఇప్పుడు కాగితం ఉల్లిపొరలా ఉంది.

"మొత్తం గీకేశారు," అన్నాడు కొడుకు.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వచ్చింది. "ఈ భాగం నాన్న చాలా ఏళ్ళ తర్వాత రాశారు. నాకప్పుడు ఇరవై రెండు. వేళ్ళన్నీ పెరిగేశాయి. ఇది నా చిటికెనవేలి కోసం కాదు."

"చదవగలరా?"

"ముప్పై ఏళ్ళు మందుల షాపులో డాక్టర్ల రాత చదివాను. ఇదెంత!" కాస్త సేపు చూసి, "మొదటి గడిలో రెండు స్వరాలు కనపడుతున్నాయి. మూడో గడిలో ఒక పొడుగుది. మిగతావి గుడ్డి," అంది.

"నాకు ఆ మూడు చాలు," అంది కోడలు.

లాప్‌టాప్ ముందు కూర్చుంది. చివరి ఎనిమిది గడుల్లో మొదటి వయొలిన్ వాయించేది ఎంచుకుని, నీటి గీత కిందికి తిప్పింది. ఎక్కేచోట దిగింది, దిగేచోట ఎక్కింది. ఖాళీగా ఉన్న చెరువులో ముప్పై ఒక్క నీలం పూసలు వరసగా వెలిగాయి.

"మొదటి గడి చదవండి."

అత్తగారు చదివింది. రెండూ సరిపోయాయి. చిట్టి చప్పట్లు కొట్టింది.

"మూడో గడి, పొడుగుది."

అదీ సరిపోయింది. కొడుకు ఈల వేశాడు. ఇంట్లో ఈల వేస్తే తిట్టే తల్లి ఈసారి తిట్టలేదు.

"అదుగో, ఏడో గడిలో ఒక స్వరం మసకగా కనపడుతోంది, బాగా పైన ఉంది."

"నా లెక్కలోనూ పైనే ఉంది అత్తయ్యా!"

బ్లేడు తీసేసినదంతా లెక్క ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చేస్తోంది. కోడలు స్వరాలు చెబుతుంటే కొడుకు కొత్త కాగితం మీద రాశాడు. చిట్టి డిపోకి ఫోన్ చేసి, "ఒక్క ట్రిప్పు ఎవరినైనా చూసుకోమనండి, ఇంట్లో మా తాతగారు మాట్లాడుతున్నారు" అంది. అటువైపు వాళ్ళు ఏమనుకున్నారో, సరేనన్నారు.

"ఇంత మంచి ముగింపు ఎందుకు గీకేశారు నాన్న?" అంది అత్తగారు, కొత్త కాగితం చేతిలో పట్టుకుని. "నా చేతికి వచ్చేసరికే ఇక్కడ మౌనం ఉంది. ఆయన ఇవ్వను కూడా లేదు. మీ నాన్న తెచ్చిచ్చారు. అప్పటికి మాకు పెళ్ళి కాలేదు, నేను హాస్టల్లో ఉండేదాన్ని, ఆయన నాన్న దగ్గర చెల్లో నేర్చుకునేవారు."

గుమ్మంలో ఏదో కింద పడింది. మామగారి చేతిలోంచి గుండుసూదుల డబ్బా జారి, సూదులు గచ్చు మీద మెరుస్తూ చెల్లాచెదురయ్యాయి. ఆయన ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. చూపు కిటికీకి ఆనించిన కాగితం మీద ఉంది. చెవులు ఎర్రబడ్డాయి.

"దాన్ని గీకింది మీ నాన్నగారు కాదు," అన్నారాయన.

మెడలో టేపుని రెండు చేతులా పట్టుకున్నారు.

"నేను. నా బ్లేడుతో. నీకు తెచ్చే దారిలో."

చిట్టి అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య తల్లి వైపు చూశాడు. కోడలు లాప్‌టాప్ మూయబోయి, మూయకుండా ఆగింది.

అత్తగారు భర్తని పైనుంచి కిందిదాకా చూసింది. ఆయన నోరు తెరిచారు.

"ఎందుకంటే, ఆ చివర నువ్వు ఊరికే కూర్చుంటే నా వైపు..."

"ఉండండి," అంది ఆవిడ. వయోలా భుజాన పెట్టుకుంది. కమాను ఎత్తింది. ముఖం నిండా ఉన్నది నవ్వో కోపమో ఆయనకి తెలియలేదు, మిగతావాళ్ళకీ తెలియలేదు. "నలభై ఏళ్ళు ఇక్కడ కమాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముందు వాయిస్తాను. కారణం తర్వాత వింటాను. వెళ్ళి మీ చెల్లో తెచ్చుకోండి."

మామగారు సూదులు దాటుకుంటూ, కుర్రాడిలా, రెండేసి మెట్లు దిగి పరిగెత్తారు.